పర్యావరణం చదివితే పనెక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పర్యావరణ శాస్త్రం చదువు గురించే. పీజీ ఎంట్రన్స్‌ల సీజన్ కదా, అందుకే కావచ్చు. మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు పెట్టి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. కొన్ని ఉత్తరాలు బాగా పెద్దవి, అడిగిన విషయం పోకుండా కుదించాను.

ప్రశ్న: నేను హన్మకొండలో బీజడ్‌సీ ఫైనలియర్ చదువుతున్నాను. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేయాలని చాలా ఉంది. మా నాన్నేమో "కెమిస్ట్రీ చెయ్, లేకపోతే బీఈడీ చెయ్, ఈ మొక్కలు నాటే చదువుకు ఎవరిస్తరు ఉద్యోగం" అంటున్నాడు. నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది. నిజం చెప్పండి.
– డిగ్రీ విద్యార్థిని, పరకాల

నిజమే చెప్తానమ్మా. ఉద్యోగం గురించి మీ నాన్న అడిగింది న్యాయమైన ప్రశ్న. మొక్కలు నాటే చదువు అనడం మాత్రం సరికాదు. ఇది కొలిచే చదువు. చెరువు నీళ్లలో ఏం కలిసింది, గాలిలో దుమ్ము ఎంత, మట్టిలో ఏ లోహం చేరుతోంది, అడవిలో ఏ జాతి తగ్గిపోతోంది, వీటిని అంకెల్లో, అవతలివాళ్లు కాదనలేని విధంగా చూపించగలగాలి. ప్రకృతి అంటే ఇష్టం ఉండాలి, కానీ ఒక్క ఇష్టంతో వచ్చినవాళ్లకు రెండేళ్ల తర్వాత ఉద్యోగం దొరకడం కష్టంగానే ఉంటోంది, అది దాచను.

ఎందుకు కష్టమంటే, సిలబస్ చాలా వెడల్పు. కొంచెం కెమిస్ట్రీ, కొంచెం జీవావరణం, కొంచెం భూగర్భ శాస్త్రం, చట్టాలు, స్టాటిస్టిక్స్, వాతావరణ మార్పు, అన్నీ తలా కొంత వచ్చి రెండేళ్లూ అయిపోతాయి. ఇంటర్వ్యూలో అడిగేది ఒక్కటే: నీకు ఏ పని వచ్చు? అందుకని మొదటి సంవత్సరం అయ్యేలోపే ఒక దారి ఎంచుకో. నీళ్లు, వ్యర్థ జలాల పరీక్ష ఒక దారి. నీకు డిగ్రీలో కెమిస్ట్రీ ఉంది కాబట్టి ఇది నీకు దగ్గర. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులు, హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా కంపెనీల ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే) విభాగాలు, ఫ్యాక్టరీ నీళ్లు శుద్ధి చేసే ఈటీపీలు, మురుగు నీళ్లు శుద్ధి చేసే ఎస్టీపీలు నడిపే సంస్థలు, ఎక్కువ మందిని తీసుకునేది ఇక్కడే. రెండోది ఈఐఏ కన్సల్టెన్సీలు. గని గానీ ఫ్యాక్టరీ గానీ పెద్ద రోడ్డు గానీ రావాలంటే 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ముందు దాని ప్రభావాన్ని అంచనా వేయాలి కదా, ఆ రిపోర్టులు తయారు చేసే పని. మూడోది జీఐఎస్, రిమోట్ సెన్సింగ్, అంటే ఉపగ్రహ చిత్రాలతో, కంప్యూటర్ మ్యాపులతో చేసే పని. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలో ఒక్క గాలివానకు వేల చెట్లు నేలకూలాయి, గుర్తుంది కదా. ఎంత మేర అడవి పోయిందో హద్దులు గీసి చూపించాలంటే ముందు తీసిన ఉపగ్రహ చిత్రాన్నీ తర్వాత తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి లెక్కగట్టగలిగే మనిషి కావాలి. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నా ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు. నాలుగోది అడవులు, జంతుజాలం. ఇందులో ఉద్యోగాలు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

సర్కారు కొలువుల సంగతికొస్తే కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజనీర్ పోస్టులకు ఇంజనీరింగ్ డిగ్రీ అడుగుతారు, నీకు కుదిరేవి ల్యాబు వైపు పోస్టులు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హత గడిని అక్షరం వదలకుండా చదువు, ఎందుకంటే కొన్నింట్లో కెమిస్ట్రీ అని ఉండి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అని ఉండకపోవచ్చు. యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పీహెచ్‌డీ చేస్తూ ఎవరి మీదా ఆధారపడకుండా బతకొచ్చు.

కెమిస్ట్రీనా ఇదా అని నన్ను సూటిగా అడిగితే, నీకు ల్యాబులో నిలబడి పనిచేయడం ఇష్టమై, ఒక్క ఎన్విరాన్‌మెంట్ మీదే మనసు ఉంటే ఇదే చెయ్, కానీ కెమిస్ట్రీ పుస్తకాలు అటక మీద పెట్టకు. రెండూ ఎంట్రన్స్ రాయి. మన రాష్ట్రంలో సీపీగెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. ఢిల్లీ జేఎన్‌యూలో 1974 నుంచి పర్యావరణ శాస్త్రాల స్కూల్ ఉంది, పుదుచ్చేరిలో మంచి విభాగం ఉంది. అంత దూరం పంపరంటే ఉస్మానియా, జేఎన్‌టీయూ హైదరాబాద్ ఉన్నాయి. సీటు తీసుకునేముందు ఆ విభాగం ల్యాబు ఒకసారి కళ్లారా చూసి రా. పరికరాలు పనిచేస్తున్నాయా, పిల్లలు వాటిని ముట్టుకుంటున్నారా లేక అద్దాల వెనక ఉన్నాయా అని అక్కడి సీనియర్లను అడుగు.

ఇంకో మాట నాన్నకు చెప్పు. పటాన్‌చెరు రైతులు తమ నీళ్లు, భూములు పాడైపోయాయని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు, కోర్టులకు తిరిగారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి మందుల కంపెనీల వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడ మందుల పరిశ్రమ కాలుష్యం గురించి మాట్లాడినా పటాన్‌చెరు పేరు వస్తోంది. మన నీళ్ల సంగతి కొలిచి చెప్పడానికి స్వీడన్ నుంచి రావాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ పని చేయగల పిల్లలు మన జిల్లాల నుంచి రావాలి.

ప్రశ్న: నేను సింగరేణి కార్మికుణ్ని. మా బిడ్డ ఎన్విరాన్‌మెంట్ చదువుతానంటోంది. ఓసీపీల (ఓపెన్‌కాస్ట్ గనుల) వల్ల ఊళ్లు పాడవుతున్నాయని ఇంట్లో నాతోనే వాదిస్తుంది. మనకు అన్నం పెట్టే కంపెనీకి ఎదురు చదువు చదవాలా అని మనసుకు కష్టంగా ఉంది. ఆడపిల్ల గనుల చుట్టూ, ఫ్యాక్టరీల చుట్టూ తిరగాల్సి వస్తుందని ఇంకో భయం.
– ఒక తండ్రి, మందమర్రి

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఈ చదువు కంపెనీకి ఎదురు కాదు. ఓపెన్‌కాస్ట్ గనికి పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడే పెద్ద షరతుల పట్టిక ఇస్తారు. దుమ్ము ఎంత ఉండాలి, గనిలోంచి తోడిన నీళ్లు ఎలా వదలాలి, ఓబీ గుట్టల (బొగ్గు పైనుంచి తవ్వి పోసిన మట్టి గుట్టల) మీద చెట్లు ఎప్పుడు పెంచాలి, బొగ్గు అయిపోయాక గనిని ఎలా మూయాలి, అన్నీ అందులో ఉంటాయి. వాటిని పాటిస్తున్నామని ఆర్నెల్లకోసారి రిపోర్టు పంపాలి. ఈ పనంతా చేసేది ఎవరు? మీ బిడ్డ చదవాలనుకుంటున్న చదువు చదివినవాళ్లే. కంపెనీలోనూ ఆ విభాగం ఉంది, బయటి ల్యాబులకూ ఆ పని ఇస్తారు. మీ బిడ్డ రేపు ఆ గనిలోనే, మీరు పీల్చే గాలిని కొలిచే మనిషిగా ఉద్యోగం చేయొచ్చు.

ఆమె వాదన కూడా కొట్టిపారేయకండి. గనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు గోడలు అదిరి పగుళ్లు వచ్చాయని ఊరివాళ్లు అంటారు, పగుళ్లు పాతవేనని ఆఫీసర్లు అంటారు. ఇద్దరూ గట్టిగా మాట్లాడుకోవడమే గానీ తేలదు. నేల కంపనాన్ని సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు అని కొలిచే యంత్రం ఉంటుంది, ఏ రకం ఇంటికి ఎంతవరకు పర్వాలేదో గనుల భద్రతా విభాగం వాళ్ల పరిమితులు ఉన్నాయి. ఆ ఇంటి పక్కన యంత్రం పెట్టి, అంకె చదివి, రెండు పక్షాలకూ అర్థమయ్యేలా చెప్పగలిగితే కార్మికుడికీ మంచిది, ఊరికీ మంచిది. అట్లాగే కొత్త గనికి గానీ విస్తరణకు గానీ ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా, దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఈఐఏ రిపోర్టు సారాంశం తెలుగులో కూడా అందుబాటులో ఉంచాలి. మీ దగ్గర ఈసారి జరిగినప్పుడు ఆ తెలుగు సారాంశం తెచ్చి మీరూ మీ బిడ్డా కలిసి చదవండి. ఆమె ఏం చదవబోతోందో మీకు అందులోనే కనబడుతుంది, మీ గని అనుభవంతో అందులో తప్పులుంటే ముందు మీరే పట్టుకుంటారు.

భద్రత సంగతి: 2019 నుంచి గనుల్లో మహిళలు పనిచేయడానికి ప్రభుత్వం వీలు కల్పించింది, ఓపెన్‌కాస్ట్‌లో అయితే యాజమాన్యం తగిన భద్రత చూపి, వాళ్లు రాసి ఒప్పుకుంటే రాత్రి షిఫ్టులు కూడా. నమూనాలు తీసే పని మామూలుగా పగలు, ఇద్దరు ముగ్గురు కలిసి, వాహనంతో జరుగుతుంది. ఒంటరిగా పంపే సంస్థ అయితే ఆ సంస్థలో చేరొద్దని చెప్పండి, కానీ చదువే వద్దనకండి.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. మా ఇంటి చుట్టూ కరెంటు ప్లాంటు బూడిద. దాని మీద ఏదైనా చేయాలని ఉంది. బీటెక్ చేయాలా, బీఎస్సీ చేసి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కు వెళ్లాలా?
– విద్యార్థి, గోదావరిఖని

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని బట్టి నీకు ఇంజనీరింగే సరి. సైన్స్ వాళ్లు బూడిదలో ఏముందో, అది నీళ్లలోకి ఎంత దిగుతోందో చెప్తారు. దాన్ని ఆపే యంత్రం, చెరువు కట్ట, ఇటుక బట్టీ కట్టేది ఇంజనీర్లు. సివిల్ గానీ కెమికల్ గానీ తీసుకుని, తర్వాత ఎంటెక్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చెయ్. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేపర్ విడిగా పెట్టారు. బీటెక్‌కు లెక్కలంటే భయం ఉంటే మాత్రం బలవంతంగా వెళ్లకు, బీఎస్సీలో కెమిస్ట్రీ ఉన్న గ్రూపు తీసుకో.

బూడిద గురించి కొంచెం తెలుసుకుని వెళ్లు. మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువ, 30 నుంచి 40 దాకా ఉంటుంది. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు, పక్కన తెలంగాణ ప్రాజెక్టు మొదటి దశ మరో 1,600. రోజుకు ఎంత బొగ్గు మండుతుందో, ఎంత బూడిద మిగులుతుందో నువ్వే లెక్క వేయి. పొగగొట్టంలో పోయేదాన్ని ఈఎస్‌పీలు (కరెంటుతో దుమ్ము పట్టే యంత్రాలు) చాలావరకు పట్టేస్తాయి. పట్టిన బూడిదను ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద సమస్య. ఎండాకాలం బూడిద చెరువు ఆరిపోయి గాలి లేచినప్పుడు మీ డాబాల మీద పడేది అదే. 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం బూడిదను నూటికి నూరు శాతం ఇటుకలు, సిమెంటు, రోడ్లు, పాత గనులు నింపడం లాంటి వాటికి వాడాల్సిందే. పాత ఓసీపీ గుంతల్లో బూడిద నింపితే భూగర్భ జలాలకు ఏమవుతుంది అన్నది మీ ప్రాంతం వాళ్లు జీవితకాలం పనిచేయాల్సినంత పెద్ద ప్రశ్న. నీకు అది పట్టుకుంటే సంతోషిస్తాను.

ప్రశ్న: ఎమ్మెస్సీ సెకండియర్. ప్రాజెక్టు మా ఊరి చెరువు మీద చేయాలనుకుంటున్నాను. పాఖాల మీద చేస్తే పేరొస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. చుట్టూ పత్తి, వరి కాబట్టి పురుగుమందుల అవశేషాలు కూడా చూడాలని ఉంది. గైడ్ సార్‌కు టైం ఉండట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.
– విద్యార్థి, నర్సంపేట

ఊరి చెరువే చెయ్. పాఖాల గొప్పదే, గణపతిదేవుడి కాలం నుంచి నీళ్లిస్తున్న చెరువు, కానీ అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి కావాలి, అది చేతికొచ్చేసరికి వానాకాలం దాటిపోతుంది. నీ ఊరి చెరువుకు నువ్వు ఎప్పుడైనా వెళ్లొచ్చు, తెల్లవారుజామున కూడా. ఆ తెల్లవారుజామే నీ ప్రాజెక్టుకు ప్రాణం, ఎందుకో చెప్తాను.

పొలాల నుంచి యూరియా, డీఏపీ కొట్టుకొచ్చిన చెరువులో పాచి విపరీతంగా పెరుగుతుంది. పగలంతా ఆ పాచి ఎండలో ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం కొలిస్తే కరిగిన ఆక్సిజన్ బ్రహ్మాండంగా కనబడుతుంది. రాత్రి అదే పాచి ఆక్సిజన్ తీసుకుంటుంది. తెల్లారేసరికి నీళ్లలో ఏమీ మిగలదు, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, మబ్బు పట్టిన రోజుల తర్వాత అయితే చచ్చి తేలుతాయి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో నమూనా పొద్దున పది గంటలకు బస్సు దిగాక తీస్తారు, అందుకే చెరువు ఆరోగ్యంగా ఉందని రాస్తారు. నువ్వు ఒకే రోజు రెండుసార్లు, సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడింటికి ఒకసారి కొలువు. ఆ తేడాయే నీ ఫలితం.

ఆక్సిజన్‌కు వింక్లర్ పద్ధతి చాలు. సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ చెరువు గట్టు మీదే కలపాలి. కాలేజీకి తెచ్చి కలుపుదాం అనుకుంటే అప్పటికే అంకె మారిపోతుంది. గోధుమ రంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా ఉంటే లేనట్టు, ఆ క్షణంలోనే కంటికి తెలిసిపోతుంది. తర్వాత యాసిడ్ వేసి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ ల్యాబులో చేసుకో. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడ్డానికి 20 సెంటీమీటర్ల రేకు బిళ్ల కోయించి నలుపు తెలుపు రంగులు వేసి తాడు కట్టు, అదే సెక్కీ డిస్క్, కొనక్కర్లేదు. ఉష్ణోగ్రత, పీహెచ్, కండక్టివిటీ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చెప్పేది), నైట్రేట్, ఫాస్ఫేట్, బీఓడీ (మురికి కుళ్లడానికి పట్టే ఆక్సిజన్), ఇంతే పెట్టుకో. వాగు నీళ్లు చెరువులోకి దిగే చోట, మధ్యలో, తూము దగ్గర, మత్తడి దగ్గర నమూనాలు. ప్రతిసారీ కొన్నిటికి జంట నమూనా తియ్యి. రెండిటికీ అంకె దగ్గరగా రాకపోతే నీ పద్ధతిలోనే ఏదో లోపం ఉన్నట్టు, ముందు అది సరిచేసుకో. సీసాలను ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి, బీఓడీ అయితే మరీ.

పురుగుమందులు వద్దు. అది చిన్న విషయమని కాదు, పత్తి ప్రాంతంలో చాలా పెద్ద విషయం. కానీ దానికి జీసీ-ఎంఎస్ లాంటి పెద్ద యంత్రం, ప్రామాణిక ద్రావణాలు, బోలెడు డబ్బు కావాలి. నీ చేతిలో ఉన్నవాటితో అరకొరగా చేసిన అంకె ఎవరికీ ఉపయోగపడదు. పీహెచ్‌డీకి దాచుకో.

ఇంకోటి, ఎక్కువమంది చేసే తప్పు: చెరువు నీళ్లకు తాగునీటి ప్రమాణాలు పెట్టి "నీరు పనికిరాదు" అని ముగింపు రాసేస్తారు. మీ ఊళ్లో ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారు? చేపలకు, పొలానికి వాడుతున్నారు. కేంద్ర కాలుష్య మండలి వాడకాన్ని బట్టి ఎ నుంచి ఇ వరకు తరగతులు పెట్టింది. చేపలకు డి తరగతి, అంటే కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములు లేదా ఎక్కువ, పీహెచ్ 6.5 నుంచి 8.5. సాగుకు ఇ తరగతి, అందులో కండక్టివిటీ సెంటీమీటరుకు 2,250 మైక్రోమోలు దాటకూడదు. వాటితో పోల్చు.

మత్స్య సహకార సంఘం వాళ్లతో కూర్చుని మాట్లాడు. చేపలు ఏ నెలలో చచ్చాయి, ఏ మూల పాచి ముందు కడుతుంది, వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ ఉండదు, వాళ్లు చెప్పింది రిపోర్టులో వాళ్ల మాటగానే రాయి. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువైతే ఎంత లోతు తీశారో, ఆ మట్టి ఏ పొలాల్లో పోశారో కూడా అడుగు. ఒక హెచ్చరిక: మట్టి తవ్విన చోట నీళ్ల కింద నిలువు గుంతలు ఉంటాయి. నమూనా కోసం ఒక్కడివే లోపలికి దిగొద్దు. తెప్ప మీద, ఈత వచ్చినవాళ్లతో వెళ్లు. గైడ్ సార్ కోసం ఆగకు, మొదటి వానకు ముందు ఒక సెట్ నమూనాలు తీసి ఆ అంకెలు పట్టుకెళ్లి కలువు, అప్పుడు ఆయనకు మాట్లాడటానికి ఒక కాగితం ఉంటుంది.

ప్రశ్న: డిగ్రీ ఫస్టియర్ బీకాం. మాకు ఎన్విరాన్‌మెంట్ పేపర్ ఎందుకు? అందరూ బిట్ బ్యాంక్ చదివి పాసవుతున్నారు.
– వరంగల్ విద్యార్థి

1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని చెప్పింది, ఆ తర్వాత యూజీసీ డిగ్రీలన్నిటికీ ఈ పేపర్ సిలబస్ తయారు చేసింది. అందులో ఫీల్డ్ వర్క్ కూడా ఉంది, చాలా కాలేజీల్లో అదే ఎగిరిపోయింది, నీకు విసుగు రావడానికి కారణం అదే. మీ లెక్చరర్‌ను అడిగి క్లాసంతా ఒకరోజు మడికొండ డంప్ యార్డుకు వెళ్లండి. కామర్స్ పిల్లలు కదా, ఇంటింటి నుంచి చెత్త అక్కడికి చేరేదాకా అయ్యే ఖర్చు లెక్క వేయండి, తడి చెత్త వేరు చేస్తే అందులో ఎంత మిగులుతుందో కూడా వేయండి. మున్సిపల్ ఆఫీసులో ఆ లెక్క చూపించే ధైర్యం చేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ, తెలుగు మీడియం. మాది అడవి దగ్గరి గూడెం. అడవికి సంబంధించిన చదువు చదవాలని ఉంది. ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉందంటున్నారు, మేడారం దగ్గర ములుగేనా? ఇంగ్లిష్ రాకపోతే చదవలేనా?
– విద్యార్థిని, ఆసిఫాబాద్ జిల్లా

కాదు తల్లీ, ఫారెస్ట్ కాలేజీ ఉన్నది సిద్దిపేట జిల్లాలోని ములుగులో, హైదరాబాద్‌కు దగ్గర. 2016లో మొదలైంది, బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. మేడారం వైపు ములుగులో ఉన్నది సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. పేర్లు చూసి పొరపాటున వేరే బస్సెక్కొద్దు. ఫారెస్ట్రీ సీటు రాకపోతే దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లలో) బాటనీ, జువాలజీ ఉన్న డిగ్రీ తీసుకో. ఒకటి బాగా గుర్తుపెట్టుకో: ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫారెస్ట్రీ లాంటి కొన్ని సబ్జెక్టుల్లో ఒక్కటైనా ఉండాలని నియమం, ఆ జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరు లేదు. కాబట్టి డిగ్రీలో బాటనీనో జువాలజీనో వదలకు, ఎన్విరాన్‌మెంట్ పీజీలో చేసుకోవచ్చు.

ఇంగ్లిష్ వస్తుంది. మొదటి ఏడాది కష్టంగా ఉంటుంది, పరీక్షలో రాయలేక ఏడుపొస్తుంది కూడా, ఆ ఏడాది దాటితే వచ్చేస్తుంది. రోజూ పాఠంలో వచ్చిన కొత్త మాటలు తెలుగు అర్థంతో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. నీ దగ్గర ఉన్నది మాత్రం పట్నం పిల్లలకు అంత తేలిగ్గా రాదు. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం, మహారాష్ట్ర తాడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి మీ వైపే వస్తాయి. అడుగుజాడ చూసి ఏ జంతువో, ఎంతసేపటి కిందట వెళ్లిందో చెప్పగలిగేవాళ్లు మీ గూడెంలో ఉన్నారు కదా, సెలవుల్లో వాళ్ల వెంట తిరుగు. చెట్ల పేర్లు మీ ఇంట్లో పిలిచే పేరుతో సహా రాసి, ఆకు, పువ్వు, కాయ నొక్కి ఆరబెట్టి దాచు, తేదీ, చోటు పక్కన రాయి. డిగ్రీలో చేరాక బాటనీ లెక్చరర్‌కు ఆ నోట్‌బుక్ చూపించి, శాస్త్రీయ నామాలు ఆమె దగ్గర కూర్చుని నింపుకో. ఇంటర్ మెమో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకో, స్కాలర్‌షిప్‌కూ హాస్టల్‌కూ అవి కావాలి.